ఆడేవాళ్ళే గీస్తారు

హెడ్మాస్టరు గారి బల్ల మీద పెద్ద కాగితం పరిచి ఉంది. చుట్టుకుపోకుండా ఒక మూల పేపర్‌వెయిటు, ఒక మూల స్టాంపు ప్యాడు, ఇంకో మూల ఖాళీ టీ గ్లాసు, మిగిలిన మూల నెట్టు కెప్టెన్ బొటనవేలు. ఆ కాగితం మీద బడి మైదానం ఉంది. మైదానం నడిమధ్యన సిమెంటు వాలీబాల్ కోర్టు, చుట్టూ ఇనప జాలీ, జాలీకి తాళం వేసుకునే తలుపు, తలుపు మీద ఆర్చి. ఆర్చి మీద ఈలమ్మ అసలు పేరు.

ఈలమ్మ ఆ బడిలో డ్రిల్లు టీచరు. మెడలో ఈల లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత తర్వాత ఆ పేరుకు ఆమే పలికేది. ఈ ఏడాది చివర రిటైరవుతోంది. నెట్టు కెప్టెన్ ఆమె దగ్గర చదువుకున్నవాడు. చదువుకున్నాడనడం కంటే ఆడుకున్నాడనడం నిజం. అప్పట్లో బడి వాలీబాల్ జట్టుకు నాయకుడు, నెట్టు దగ్గర నిలబడ్డాడంటే అవతలివాళ్ళకు ఆకాశం కనబడేది కాదు. ఇప్పుడు సిమెంటు, ఇనుము అమ్మే షాపుకు యజమాని, పూర్వ విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు.

"కళ్ళు మూసుకోమని చెప్పి చూపిద్దామనుకున్నాం టీచర్. మీరు మూసుకోరని తెలుసు" అన్నాడు.

ఈలమ్మ కళ్ళజోడు సర్దుకుని కాగితం మీదికి వంగింది. ఆర్చి చూసింది. జాలీ చూసింది. తలుపు దగ్గర వేలు పెట్టి, "ఈ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడిగింది.

"మా సంఘం దగ్గర. లేకపోతే పాడు చేస్తారు కదా."

"ఎవరు?"

"పిల్లలు."

ఆమె నడుం నిటారుగా చేసి నిలబడింది. "వద్దురా నాయనా" అంది.

హెడ్మాస్టరు గారు ఆమె కంటే చిన్నవాడు, ఎవరితోనూ గొడవ పడకుండా ఇంటికి చేరాలనుకునే మనిషి. నవ్వబోయి, "మొహమాటపడకండి మేడం. అంతా వాళ్ళే పెట్టుకుంటున్నారు" అన్నాడు.

"నాకు మొహమాటం ఎప్పుడుందండీ? ఇప్పుడు మన మైదానంలో నడుస్తున్నది అమ్మాయిల ఫుట్‌బాల్. వాళ్ళు ఆడేది సరిగ్గా ఈ సిమెంటు పోసే చోటే. ఇది పోస్తే వాళ్ళెక్కడ ఆడాలి? మీ గదిలోనా?"

నెట్టు కెప్టెన్ బొటనవేలు తీశాడు. కాగితం ఆ మూల నుంచి చుట్టుకుంటూ వచ్చి టీ గ్లాసును తట్టింది.

బయటివాళ్ళకు ఇదంతా విడ్డూరంగానే ఉంటుంది. వాలీబాల్ ఈలమ్మ సొంత ఆట. అన్నల వెనకాల బంతులు ఏరి ఇస్తూ ఇస్తూ నేర్చుకున్న ఆట. అన్నలు నెట్టుకు అటూ ఇటూ సరిపోనప్పుడు మాత్రమే ఆమెకు చోటు దొరికేది. ఆ దొరికిన చోటును పట్టుకుని ఆమె పెద్ద పోటీల దాకా వెళ్ళింది, ఆ పోటీలు చూపించి డ్రిల్లు టీచరు ఉద్యోగం సంపాదించింది. అన్నలు బంతి వదిలేశారు. ఆమె వదల్లేదు. అలాంటి మనిషికి అదే ఆటకు శాశ్వతమైన కోర్టు కట్టి, పేరు కూడా చెక్కిస్తామంటే వద్దంటుందేమిటి?

ఎందుకంటే ఆమె అదే తప్పు ఒకసారి చేసి ఉంది.

ఆమె చేరినప్పుడు ఆ బడిలో ఆటంటే వాలీబాల్. అబ్బాయిలకు మైదానం, అమ్మాయిలకు మెట్ల కింద రింగు. రబ్బరు రింగు విసురుకోవడం, పట్టుకోవడం, ఎవరికీ తగలకుండా చూసుకోవడం. అప్పటి పెద్ద టీచర్లను అడిగితే, "అమ్మాయిలకు రింగంటేనే ఇష్టమమ్మా" అనేవాళ్ళు. మెట్ల కింద రింగు తప్ప ఇంకేదీ పట్టదు. పట్టని చోట పుట్టిన ఇష్టాన్ని ఇష్టం అంటారా? పిల్లలకు నచ్చే ఆటలు కాలంతో మారతాయని అందరూ తేలిగ్గా అనేస్తారు. ఏదో గాలి మారినట్టు. ఆ గాలి ఎటు వీయాలో చాలాసార్లు పెద్దవాళ్ళే తలుపులు మూసి, కిటికీలు తెరిచి నిర్ణయిస్తారు.

ఈలమ్మ అమ్మాయిలను మెట్ల కింద నుంచి లాక్కొచ్చి నెట్టు ముందు నిలబెట్టింది. గొడవలయ్యాయి. ఒక తండ్రి వచ్చి, "మా పిల్ల గెంతడానికి రావడం లేదమ్మా బడికి" అన్నాడు. "గెంతకపోతే బంతి అందదండీ, మీ పిల్ల పొట్టిది" అని ఈలమ్మ నిజమే చెప్పింది. ఆయనకు కోపమొచ్చింది గానీ మర్నాడు పిల్లను పంపించాడు.

తర్వాత క్రికెట్ వచ్చింది. బడి ఎదురుగా రేడియోలు బాగుచేసే షాపతను ఒక టీవీ తెచ్చి అద్దం వెనక పెట్టాడు. అంతే. నెలలు తిరగకుండానే తలుపు చెక్కలు బ్యాట్లయ్యాయి, నెట్టు స్తంభం వికెట్టయింది. నెట్టు విప్పి బంతి రోడ్డు మీదికి పోకుండా గోడకు కట్టారు. ఈలమ్మకు కడుపు మండిపోయింది. దొరికిన బ్యాటునల్లా తెచ్చి తన ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఈ బడిలో వాలీబాలే" అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని అప్పుడు ఆమే అందరి కంటే గట్టిగా నమ్మింది.

పిల్లలు ఎదురు చెప్పలేదు. గోడెక్కి కూర్చున్నారు. డ్రిల్లు పీరియడ్ గంట కొట్టేవాళ్ళు, ఆమె నెట్టు బిగించేది, బంతి పట్టుకుని నిలబడేది. రమ్మంటే వచ్చి, బంతి తగిలితే తిరిగిచ్చి, మళ్ళీ గోడ దగ్గరికి. ఒక రోజు గోడ మీద నుంచి ఒక అమ్మాయి, అదీ ఆమె మెట్ల కింద నుంచి లాక్కొచ్చిన అమ్మాయే, చాలా మర్యాదగా అంది.

"మీ ఆట మీరు ఆడండి టీచర్. మేం చూస్తాం."

ఆ మాట ఆమె ఇంటికి మోసుకెళ్ళింది. ఆమె భర్తకు సైకిల్ షాపు ఉంది. బడి బంతులకు పంక్చర్లు వేసేది ఆయనే. మాట తక్కువ, ఎకసెక్కం ఎక్కువ.

"నీ బడిలో ఏ ఆట నడుస్తోందో నన్నడుగు చెబుతా" అన్నాడాయన, ట్యూబును నీళ్ళ తొట్లో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూస్తూ. "వాలీబాల్ బ్లాడరు నా కంటపడి ఎన్నాళ్ళయిందో. టెన్నిస్ బంతికి పంక్చరు ఉండదు కదా, నా పొట్ట కొట్టారు మీ పిల్లలు."

"నీకు జోకులుగా ఉంది. వాళ్ళకు మంచి ఆట వద్దట."

"మీ అన్నయ్యలు కూడా నీ గురించి అంతే అనుకుని ఉంటారు. బంతి ఏరే పిల్లకు ఆటెందుకని."

ఆమె ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు. కానీ మర్నాడు బీరువా తెరిచింది.

ఆ వేసవి సెలవులు అయ్యాక, బడి తెరిచిన రోజున, అడుగున మేకుతో చిల్లులు పొడిచిన సున్నం డబ్బాను తెచ్చి మైదానం మధ్యలో పెట్టింది. పక్కన రెండు మేకులకు చుట్టిన తాడు. అప్పటిదాకా గీతలు గీయడం డ్రిల్లు టీచరు పని. "ఈ ఏడు నేను గీయను. ఎవరు ఆడతారో వాళ్ళే గీసుకోండి. ఎక్కువమంది ఆడేది మధ్యలో, తక్కువమంది ఆడేవి అంచుల్లో. ఏ ఆటనూ మైదానం బయటికి నెట్టడానికి లేదు. వచ్చే ఏడు ఈ గీతలు ఉండవు, మళ్ళీ మొదటి నుంచి" అంది.

ఇంకో మాట కూడా అంది. డబ్బా ముందు అమ్మాయిలకు ఇవ్వాలని.

"అది అన్యాయం కదా టీచర్" అన్నాడొక పెద్ద తరగతి కుర్రాడు.

"ఇన్నేళ్ళు మైదానం మధ్యలో నిలబడింది మీరేగా. కాసేపు పక్కన నిలబడితే కాళ్ళేం అరగవు."

అలా మొదలైంది. ఆ బడిలో దాన్ని గీతల రోజు అంటారు. ఇంకే బడిలోనూ ఇలా ఉన్నట్టు నేను వినలేదు. మొదటి ఏడు క్రికెట్ గీత మధ్యలో పడింది. వాలీబాల్ కుళాయి పక్కకు పోయింది. నెట్టు కెప్టెన్‌తో కలిసి ఆడిన ఆఖరి జట్టు అప్పటికే బడి దాటిపోయింది కాబట్టి వాళ్ళెవరూ ఆ దృశ్యం చూడలేదు. ఈలమ్మ చూసింది. ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు ఎంత కష్టమో తెలిసినవాళ్ళకు అదొక పెద్ద సంగతి.

క్రికెట్ ఏళ్ళ తరబడి మధ్యలో ఉంది. తర్వాత కొన్నాళ్ళు బాస్కెట్‌బాల్. ఆట కంటే దాని వదులు నిక్కర్లూ నడకా ముందొచ్చాయి. ఆ తర్వాత షటిల్, అదీ అమ్మాయిల వల్లే. మధ్యలో ఒక కాలం వచ్చింది, పెద్ద తరగతుల అబ్బాయిలంతా ఒక్కటే గీత గీశారు, మైదానం చుట్టూ. పొద్దున్నే వచ్చి పరుగు. అందరూ వీళ్ళకు పరుగు పందెం పిచ్చి పట్టిందన్నారు. పిచ్చి కాదు, ఆకలి. పోలీసు ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్ష ఉంటుంది, దానికోసం. ఈలమ్మ వాళ్ళకు ఈల వేసి సమయం చూసేది గానీ దాన్ని ఆట అనేది కాదు. "ఆడుతున్నప్పుడు నవ్వాలి. వీళ్ళలో ఒక్కరూ నవ్వట్లేదు" అనేది.

అన్నిటి కంటే గడ్డుకాలం ఫోన్లు వచ్చినప్పుడు. ఆ ఏడు గీతల రోజున డబ్బా మధ్యలో అలాగే ఉండిపోయింది. కొందరు సిగ్గుకు ఏదో గీశారు, మొదటి వానకే పోయింది. పిల్లలు చెట్టు నీడన వరసగా కూర్చుని బొటనవేళ్ళతో ఆడుకుంటున్నారు. లెక్కల మాస్టారి కన్ను ఎప్పుడూ డ్రిల్లు పీరియడ్ మీదే. "ఎటూ ఆడటం లేదు కదండీ, నాకిచ్చేయండి, రెండు చాప్టర్లు లాగేస్తాను" అన్నాడు.

"వాళ్ళు మీ పీరియడ్లో లెక్కలు చేయడం లేదు. అది నాకిస్తారా?"

ఆయన మళ్ళీ అడగలేదు. ఆమె ఆ పీరియడ్‌ను పట్టు వదలకుండా కాచింది. ఎవరూ ఆడని మైదానంలో ఎండలో నిలబడటం వెర్రిగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆ చోటు అడిగినవాళ్ళు ఒకరా ఇద్దరా. సైకిళ్ళ షెడ్డు వేద్దామన్నారు, కొత్త గదులన్నారు, అద్దెకిద్దామన్నారు. అందరికీ ఒకే సమాధానం చెప్పింది. "పిల్లలు ఇప్పుడు ఆడటం లేదు. ఎప్పటికీ ఆడరని మీకెవరు చెప్పారు?"

చెప్పినట్టే ఆడారు. ఆ ఫోన్లలోనే ఎక్కడో ఎవరో ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూసి, తొమ్మిదో తరగతి అమ్మాయిలు కొందరు సైకిల్ షాపుకు వెళ్ళారు. ముందు నడిచినది బక్కపల్చని పిల్ల, లారీ డ్రైవరు కూతురు. ఒకచోట నిలవదు కాబట్టి తూనీగ అంటారు. చంకలో దిగిపోయిన బంతి.

"తాతా, దీనికి గాలి కొడతావా?"

"కొడతా. మరి ఎవరు తంతారు?"

"మేమే."

ఆయన ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "ఏమేవ్, నీ బడికి ప్రాణమొచ్చింది" అన్నాడు.

మరుసటి గీతల రోజున అమ్మాయిలు డబ్బా తీసుకుని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి గీసేశారు. అబ్బాయిలు నోళ్ళు తెరుచుకుని చూశారు. కొందరు వెక్కిరించారు, కొందరు జట్టులో చోటడిగారు. చోటడిగినవాళ్ళకు తూనీగ గోల్‌కీపరు పని ఇచ్చింది.

ఇదీ సంగతి. ఆ అమ్మాయిలకు ఊళ్ళో పరుగెత్తే చోటు ఇంకొకటి లేదు. వీధుల్లో బళ్ళు, మేడల మీద తిట్లు, పార్కులో గడ్డి తొక్కరాదని బోర్డు. ఆ మట్టి పోతే వాళ్ళ ఆట పోయినట్టే. అందుకే ఈలమ్మ వద్దంది.

కానీ హెడ్మాస్టరు గారు వద్దనలేదు. ఆమె గది దాటగానే సరేనన్నాడు. వారం తిరక్కుండా, అందరూ తరగతుల్లో ఉండగా, ట్రాక్టరు వచ్చి మైదానం మధ్యలో కంకర దిమ్మరించి పోయింది. డ్రిల్లు గంటకు అమ్మాయిలు పరుగున వచ్చి ఆ గుట్ట దగ్గర ఆగిపోయారు. నెట్టు కెప్టెన్ అప్పటికే ఇద్దరు పాత జట్టువాళ్ళతో, ఒక మేస్త్రీతో నిలబడి ఉన్నాడు. మేస్త్రీ మట్టిలో మేకు దిగ్గొడుతున్నాడు.

"ఆ మేకు పీకు బాబూ" అంది ఈలమ్మ.

మేస్త్రీ నెట్టు కెప్టెన్ వైపు చూశాడు.

"అటు చూడకు. అతను నాకు ఆరో తరగతి నుంచీ తెలుసు. నేను పీకమంటే పీకినవాడే."

"టీచర్, పదిమందిలో ఇలా మాట్లాడితే ఎలా" అన్నాడు నెట్టు కెప్టెన్. గొంతు నిజంగానే బాధగా ఉంది. "మీ కోసమే కదా ఇదంతా. ఈ ఆట వల్లే మేం మనుషులమయ్యాం. ఇవాళ నేను నలుగురిలో తలెత్తుకు తిరుగుతున్నానంటే మీరు ఆ నెట్టు దగ్గర నిలబెట్టబట్టే. అది పోకూడదనే తాపత్రయం తప్ప నాకేం ఒరుగుతుంది?"

"తెలుసురా. ప్రేమతోనే తెచ్చావు. కానీ నేను బ్యాట్లు బీరువాలో పెట్టింది కూడా ప్రేమతోనే."

"ఈ ఫుట్‌బాల్ పిచ్చి ఎన్నాళ్ళు? రేపు వీళ్ళు వెళ్ళిపోతారు. తర్వాత ఇంకేదో వస్తుంది."

"వస్తుంది. అందుకే మట్టి ఉండాలి. సిమెంటుకు మనసు మార్చుకోవడం రాదు."

తూనీగ గుట్ట మీద నుంచి ఒక కంకర రాయి తీసి చేతిలో తిప్పుతోంది. "అన్నా, మీకు వాలీబాల్ ఆడాలని ఉంటే ఆదివారం రండి. మేం ఆ పక్కన గీసిస్తాం" అంది.

"మా బడిలో మాకు నువ్వు చోటిస్తావా?"

"ఇస్తామన్నా. మీరే మాకు ఇవ్వడం లేదు."

పాత జట్టులో ఒకతను నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. నెట్టు కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి. "అలాగే టీచర్. అయితే ఆర్చి లేదు. మీ వీడ్కోలు సభ కూడా మా సంఘం చేయదు. ఈ సామాను అడిగే బడులు బోలెడున్నాయి."

"వాళ్ళ పిల్లల్ని అడిగి ఇవ్వు."

హెడ్మాస్టరు గారు వరండాలో నుంచి చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "మేడం, కొంచెం సర్దుకుపోదాం. పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పను?"

"డ్రిల్లు టీచరు ఒప్పుకోలేదని చెప్పండి. మొండిదని చెప్పండి. ఈ ఉద్యోగంలో నన్ను ఇప్పుడు భయపెట్టడానికి ఇంకేం మిగల్లేదు. నేను ఈ గుట్ట పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటా. పోసేవాళ్ళు నా చుట్టూ పోసుకోవచ్చు."

ఆమె నిజంగానే స్టాఫ్ రూము నుంచి కుర్చీ తెప్పించుకుంది. ఈల వేసింది. అమ్మాయిలు గుట్టకు అటూ ఇటూ ఆట మొదలుపెట్టారు. మేస్త్రీ కాసేపు చూసి, మేకు పీకి, సంచీలో వేసుకున్నాడు.

కంకర కొన్నాళ్ళు అక్కడే ఉంది. ఆమె కుర్చీ కూడా. తూనీగ తండ్రి లారీ దిగి వచ్చి హెడ్మాస్టరుతో, "మా పిల్లలు ఆడే చోట రాళ్ళేమిటి సారూ" అన్నాడు. అతని వెనక ఇంకొందరు వచ్చారు. వచ్చినవాళ్ళంతా ఆట అభిమానులేం కారు, అడగకుండా చేశారన్న మంట వాళ్ళది. చివరికి నెట్టు కెప్టెన్‌కే ఎక్కడో ఇల్లు కట్టేవాళ్ళ ఆర్డరు తగిలి, ఒక పొద్దున ట్రాక్టరు వచ్చి గుట్టను ఎత్తుకుపోయింది. న్యాయం గెలిచిందని నేను రాయను. బేరం కుదిరింది, మైదానం మిగిలింది.

వీడ్కోలు స్టాఫ్ రూములో జరిగింది. బిస్కెట్లు, టీ, లెక్కల మాస్టారి నాలుగు మాటలు. పాత జట్టువాళ్ళు ఒక్కరూ రాలేదు. షాపు కట్టేసి వచ్చిన భర్త ఆమె పక్కన నడుస్తూ, "బాధగా ఉందా?" అని అడిగాడు.

"ఉంది. అయితే ఏం?"

ఆమె ఆఖరి డ్రిల్లు పీరియడ్ ఆ మర్నాడు. ఆ వేళకు తూనీగా, జట్టులోని మిగతావాళ్ళూ ఒక కానుక తెచ్చారు. తూనీగ తండ్రి పాత ఇనప గొట్టాలు అతికించి చేసిన గోలు స్తంభాలు, పక్కనే సగం బస్తా సిమెంటు. గుంటలు కూడా తవ్వేసి ఉంచారు. ఇక ఎవరొచ్చినా మమ్మల్ని కదిలించలేరన్న ధీమా అందరి మొహాల్లో.

ఈలమ్మ గుంటల్లోకి చూసింది. "పూడ్చండి" అంది.

"ఏంటి టీచర్?"

"గుంటలు పూడ్చండి. స్తంభాలు పెట్టుకోండి, తీసేలా పెట్టుకోండి. పాతడానికి లేదు."

తూనీగకు ముక్కుపుటాలు అదిరాయి. "మీరు మా వైపనుకున్నాం."

"మీ వైపే. వచ్చే ఏడు ఆరో తరగతిలోకి వచ్చేవాళ్ళ వైపు కూడా."

"వాళ్ళకూ ఫుట్‌బాలే ఇష్టం."

"వాళ్ళని అడిగావా?"

"అడగక్కర్లేదు, నాకు తెలుసు."

"నెట్టు కెప్టెన్‌కు కూడా తెలుసనే వచ్చాడు."

 తూనీగ కాలితో గుంటలోకి మట్టి నెట్టింది, పెంకితనంగా, సగం గుంటలోకీ సగం టీచరు చెప్పుల మీదికీ. మిగతావాళ్ళు సణుగుతూ రెండో గుంట పూడ్చారు. సిమెంటు బస్తాను గోడవారకు ఈడ్చారు. స్తంభాలు వాడనే లేదు. అక్కసుకొద్దీ పుస్తకాల సంచులు పెట్టి గోలు కట్టారు.

ఆట మొదలైంది. తూనీగ ఒక్కసారి కూడా టీచరు వైపు చూడలేదు. బంతి దొరికితే ఎవరికీ ఇవ్వకుండా దూసుకుపోతోంది, పడుతోంది, మోచేతి మట్టి దులపకుండానే లేస్తోంది. సంచుల మధ్య నుంచి బంతి గోడకు తగిలి తిరిగొచ్చినప్పుడు జట్టంతా మీద పడింది. అప్పుడు కూడా చూడలేదు.

"అలిగింది మీ మీద" అన్నాడు పక్కకొచ్చి నిలబడ్డ హెడ్మాస్టరు.

"అలగనివ్వండి" అంది ఈలమ్మ. "ఎలా ఆడుతోందో చూడండి."